ఆటవిడుపు: ఊరికే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెలవు రోజుల గురించే. కొందరికి సెలవు చాలదు, కొందరికి మరీ ఎక్కువైంది, ఒకరికి రావలసిన రోజున రాదు. ముప్పయ్యొక్క ఏళ్లు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దినదాన్ని, అందులో ఎక్కువ కాలం రాత్రి పనే. సెలవు విషయంలో నాకు కొన్ని పంతాలున్నాయి. అవి జవాబుల్లో తొంగిచూస్తే మన్నించండి.

ప్రశ్న: నాకు వారపు సెలవు బుధవారం. మా ఆవిడకూ పిల్లలకూ ఆదివారం. బుధవారం ఇంట్లో నేనూ, గోడ గడియారమూ. ఆదివారం వాళ్లు ముగ్గురూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ ఉంటే నేను చెప్పులు వేసుకుని పనికి బయలుదేరాలి. జీతం బాగానే ఉంది, మరే లోటూ లేదు. ఇంత చిన్న విషయానికి బాధపడటం తప్పా మేడమ్? (ఒక పాఠకుడు)

జవాబు: తప్పు కాదు. చిన్న విషయం అసలే కాదు.

నాకు పదకొండేళ్లు సెలవు మంగళవారం. ఆ రోజు ఉదయం ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పిల్ల బడికి, మావారు ఆఫీసుకు. తలుపు గడియ పడిన తరువాత వచ్చే నిశ్శబ్దం మొదటి గంట హాయిగానే ఉంటుంది. రెండో గంటకు అలమార సర్దుతాం. మూడో గంటకు సర్దిన అలమారనే మళ్లీ సర్దుతాం.

మన కష్టాన్ని 1929లో సోవియట్ యూనియన్ దేశం మొత్తానికీ పంచిపెట్టింది. యంత్రాలు ఒక్క రోజు కూడా ఆగకూడదని ఏడు రోజుల వారాన్ని పక్కన పెట్టి ఐదు రోజుల వారం తెచ్చారు. పనివాళ్లను ఐదు జట్లు చేసి, జట్టుకో రంగు ఇచ్చారు. నాలుగు రోజులు పని, ఐదో రోజు సెలవు. లెక్క చూస్తే సెలవులు పెరిగినట్టే, ఏడింట ఒకటి కాస్తా ఐదింట ఒకటి అయింది. అయినా జనం సంతోషించలేదు. భర్తది పసుపు జట్టు, భార్యది ఆకుపచ్చ అయితే ఇద్దరూ ఒక పూట కలిసి కూర్చునే వీలే లేదు. భార్య ఫ్యాక్టరీలో, పిల్లలు బడిలో, చూడటానికి వచ్చే నేస్తం లేడు, ఇలాంటి సెలవును ఏం చేసుకోవాలని పత్రికలకు ఎక్కారు. అవతల తీరిక లేకుండా తిరిగి యంత్రాలూ పాడయ్యాయి. 1931లో ఆ పద్ధతిని చాలాచోట్ల ఆపి, ఆరు రోజులకోసారి అందరికీ ఒకే రోజున సెలవు పెట్టారు. 1940లో మళ్లీ మామూలు ఏడు రోజుల వారానికే వచ్చారు.

మనుషులకు కావలసింది సెలవు మాత్రమే కాదు, పక్కవాడికీ అదే రోజున సెలవు. ఈ సంగతి అంతకు ముందే తెలిసినవాళ్లు ఉన్నారు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వారపు విశ్రాంతి మీద చేసిన ఒప్పందంలో, ప్రతి ఏడు రోజుల్లో వరసగా 24 గంటలైనా విశ్రాంతి ఇవ్వాలన్న మాట చాలామందికి తెలుసు. దాని కిందనే మరో చిన్న వాక్యం ఉంది. వీలైన చోటల్లా ఆ విశ్రాంతిని ఒక సంస్థలోని సిబ్బంది అందరికీ ఒకేసారి ఇవ్వాలట. మా వృత్తిలో కన్ను ముందు చిన్న వాక్యాల మీదే పడుతుంది. తప్పులు దాక్కునేది అక్కడే, ఒక్కోసారి అసలు సంగతి దాక్కునేదీ అక్కడే.

ఇక మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. శనివారం రాత్రి పని ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి తెల్లవారుజామున మూడు. ఏడింటికల్లా మా అమ్మాయి, అప్పుడు దానికి ఎనిమిదేళ్లు, చదరంగం బల్ల తెచ్చి నా మంచం మీద పెట్టేది. కాళ్లు కదిపితే రాజులిద్దరూ దొర్లిపోతారు కనుక ఒక పక్కకు ఒరిగి, కదలకుండా ఆడేదాన్ని. పావుల్లో తెల్ల గుర్రం ఒకటి ఎప్పుడో పోయింది. దాని చోట మావారి పాత కోటు గుండీ ఒకటి పెట్టాం. గోధుమ రంగుది, నాలుగు బెజ్జాలు, ఒక బెజ్జంలో ఇంకా తెగిన దారం ముక్క. నా కళ్లు మూతలు పడుతున్న సమయం చూసి ఆ గుండీ తిన్నగా జారుకుంటూ వచ్చి నా మంత్రిని తినేసేది. "గుర్రం అలా నడవదే" అంటే, "ఇది గుర్రం కాదమ్మా, గుండీ" అనేది. ఎనిమిదిన్నరకు ఆట ముగిసేది, నేను మళ్లీ నిద్రపోయేదాన్ని. వారం మొత్తానికి మా ఇద్దరి సొంతమైనది ఆ గంటన్నర. పదకొండేళ్ల మంగళవారాల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఆ దారం ముక్క గుర్తుంది.

కాబట్టి మీ బుధవారం మీద ఆశ పెట్టుకోకండి. దాన్ని నిద్రకు, బట్టలకు, బ్యాంకుకు వదిలేయండి. ఆదివారం మీరు పనికి బయలుదేరే ముందున్న కాసేపును పట్టుకోండి. నెలకో రెండు నెలలకో ఒకసారి తోటివాళ్లతో సెలవు మార్చుకోండి. పెళ్లికో ఆసుపత్రికో మార్చుకోవడం అందరూ చేసేదే, మీరు ఏ కారణమూ లేకుండా మార్చుకోండి. నేను మొదటిసారి అలా అడిగినప్పుడు మా విభాగం పెద్దాయన "ఆదివారం ఏమంత పని పడింది?" అన్నారు. "ఏమీ లేదండీ, ఊరికే" అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చాలాసేపు చూసి సంతకం పెట్టారు. తరువాతి నెలలో ఒక ఆదివారం ఆయన కూడా రాలేదు.

(మీ ఉత్తరంలో 'కుటుంబం' అన్న మాట మూడు చోట్ల 'కుటంబం' అయింది. పాత జబ్బు, దిద్దకుండా ఉండలేను.)

ప్రశ్న: సెలవు రోజున పిల్లలు ఎవరి ఫోను వారు పట్టుకుని కూర్చుంటున్నారు. నలుగురం ఒకే గదిలో ఉన్నా మాట లేదు. మాన్పించే ఉపాయం చెప్పండి. (ఇద్దరు పిల్లల తండ్రి)

జవాబు: ఈ ప్రశ్న మీరు రాత్రి పదకొండు దాటాక ఫోనులోనే టైపు చేసి పంపారు. మీది పక్క గదిలో పెట్టి రండి, తరువాత మాట్లాడుకుందాం.

ప్రశ్న: అక్కా, ఆదివారం అంటే మా ఇంట్లో అందరికీ ఆనందం, నాకు రెట్టింపు పని. అందరూ ఉంటారు, చుట్టాలూ వస్తారు. వాళ్లు వస్తే నాకూ ఇష్టమే. కానీ రాత్రికి నడుము పట్టేస్తుంది. ఈ మాట పైకి అంటే మనుషులంటే గిట్టనిదాన్ని అనుకుంటారేమోనని భయం. (ఒక గృహిణి)

జవాబు: మీరు అనలేదు కనుక నేను అంటున్నాను. ఒకరి నడుము మీద నలుగురు కూర్చుని పంచుకునే ఆనందానికి కుటుంబ వెచ్చదనం అని పేరు పెట్టుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

1850లో బ్రిటన్‌లో ఒక ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకూ చిన్న వయసువాళ్లకూ శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా పని ఆపేయాలన్నది అందులో ఒక నియమం. నేడు శని, ఆదివారాలు రెండూ సెలవుగా ఉన్న చోట్ల, ఆ శనివారపు సెలవుకు తొలి అడుగుల్లో అదొకటి. మిల్లు గంట రెండింటికి మోగింది, బాగానే ఉంది. ఇంటి పని ఎన్ని గంటలకు ఆగాలో మాత్రం ఏ చట్టమూ రాయలేదు.

మా అమ్మ సంగతి చెబుతాను. చుట్టాలు వచ్చిన రోజున ముందుగదిలో కబుర్లు, వెనక వంటింట్లో అమ్మ. ఉన్నట్టుండి అందరూ ఘొల్లున నవ్వేవాళ్లు. అమ్మ చేతిలో గరిటె పట్టుకునే గుమ్మం దాకా వచ్చి, "ఏమిటి, దేనికి నవ్వుతున్నారు?" అని అడిగేది. అప్పటికే ఆమె ముఖంలో సగం నవ్వు సిద్ధంగా ఉండేది. ఎవరో ఒకరు "తరువాత చెబుతాంలే" అనేవాళ్లు. ఆ సగం నవ్వుతోనే వెనక్కి వెళ్లిపోయేది. తరువాత ఎవరూ చెప్పేవారు కాదు, చెప్పినా అప్పటికి అది చల్లారిన నవ్వు. ఆ "చెబుతాంలే" అన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

నాకు ఇల్లు వచ్చాక కుర్చీలను వంటింట్లోకి మార్చాను. పెద్ద ఇల్లేమీ కాదు, మూడు కుర్చీలు పడితే నాలుగోది గుమ్మంలో సగం లోపల, సగం బయట. వచ్చినవాళ్లు అక్కడే కూర్చోవాలి. కూర్చున్నవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు, ఒకరికి తరిగే పని, ఒకరికి తుడిచే పని అడగకుండానే అంటుకుంటాయి. మొదటి రెండు వారాలు మావారికి ఇది మర్యాదగా తోచలేదు. మూడో వారం ఆయనే తన అన్నయ్యకు కత్తి అందిస్తూ కనబడ్డారు. ఇప్పుడు మా ఇంట్లో ఏ నవ్వు పుట్టినా నా ముందే పుడుతుంది.

మీ ఇంట్లో కుర్చీలు పట్టవంటారా, పనిని ముందుగదిలోకి తీసుకెళ్లి అందరి మధ్యా పరవండి. అది కూడా కుదరకపోతే వచ్చే ఆదివారం ఒక్క పూట నడుము నొప్పి అని చెప్పి పడుకోండి. అబద్ధం కూడా కాదు కదా.

ప్రశ్న: నేను వారాంతానికి చాలా పద్ధతిగా ప్రణాళిక వేసుకుంటాను. శనివారం 9 నుంచి 10 నడక, 11 నుంచి 12 స్నేహితులు, 4కు పుస్తకం, 6కు సినిమా. అన్నీ జరుగుతాయి కూడా. కానీ ఆదివారం రాత్రికి పని ముగించినట్టు ఉంటుంది తప్ప సెలవు గడిపినట్టు ఉండదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను మేడమ్? (ఒక ఉద్యోగి, 27 ఏళ్లు)

జవాబు: నీ వయసు మా అమ్మాయి కన్నా తక్కువ కనుక నువ్వు అనేస్తున్నాను. గాబ్రియెలా టోనియెట్టో, సెలిన్ మల్కోక్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో దీన్నే తేల్చారు. సరదా పనికి గడియారం చూసి సమయం కట్టేస్తే అది బాధ్యతలా అనిపించడం మొదలవుతుందట, సరదా తగ్గుతుందట. అలాగని ప్రణాళికే వద్దనలేదు. ఫలానా గంటకు అనకుండా ఉజ్జాయింపుగా అనుకుంటే ఆ చిక్కు లేదన్నారు.

ఉజ్జాయింపు మన భాషకు కొత్తదా? "ఎండ తగ్గాక రా", "దీపాలు పెట్టే వేళకు వస్తాను", "కాస్త తెరిపిన పడ్డాక కూర్చుందాం" అంటూనే కదా బతికాం. ఎండ తగ్గడానికి నాలుగు నిమిషాలు ఆలస్యమైందని ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. నీ పట్టికలో అంకెలు చెరిపేసి ఈ మాటలు రాసి చూడు. స్నేహితులకు 11 నుంచి 12 అని రాశావు. పన్నెండుకు వాళ్లను ఎలా లేపుతావు? గంట కొడతావా?

నిద్ర మాత్రం దీనికి మినహాయింపు. ఉద్యోగం రోజుల్లో ఆరింటికి లేచి, సెలవు రోజున పదకొండింటికి లేస్తే ఒంటికి అది విమానంలో దూరదేశం వెళ్లి వచ్చినట్టే. టిల్ రోన్నెబర్గ్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో దీనికి సోషల్ జెట్‌లాగ్ అని పేరు కూడా పెట్టింది. సోమవారం తలనొప్పి వస్తుంటే, కారణం అదేమో చూసుకో.

ప్రశ్న: చదువుకునే రోజుల్లో ఒకే గదిలో నాలుగేళ్లు ఉన్న స్నేహితుడితో ఆరేళ్లుగా మాటలు లేవు. తగాదా ఏమీ లేదు, అలా జరిగిపోయింది. ప్రతి ఆదివారం ఫోను చేద్దామనుకుంటాను. ఇన్నాళ్లకు ఎందుకు చేశాడు, డబ్బు కావాలేమో అనుకుంటాడని ఆగిపోతాను. (పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: ముందు లెక్క చూద్దాం. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ పరిశీలనలో, పరిచయం ఉన్న మనిషి మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, నిజంగా స్నేహితుడు అనిపించుకోవడానికి 90 గంటలు, ప్రాణ స్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా పట్టిందట. మీరు నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నారు. ఆ గంటలు ఎన్ని వేలో మీరే లెక్క కట్టుకోండి. అంత మొత్తం దాచిపెట్టుకుని, తలుపు తట్టడానికి సందేహిస్తున్నారు.

ఏమనుకుంటాడో అన్న భయం మీ ఒక్కరిది కాదు. 2022లో పెగ్గీ లియు బృందం వరసగా కొన్ని ప్రయోగాలు చేసి చూసింది. చాలాకాలం తరువాత ఒక చిన్న పలకరింపు పంపినవాళ్లు, అవతలివాళ్లు దానికి ఎంత సంతోషిస్తారో తక్కువగా ఊహించారు. అందుకున్నవాళ్ల సంతోషం ఆ ఊహ కన్నా ఎక్కువే ఉంది. అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే మరీనూ.

మాతో పాటు అక్షరాలు కూర్చే విభాగంలో పనిచేసిన నా నేస్తం ఒకావిడ ఉంది. ఉద్యోగం మానేసి వెళ్లాక మా మధ్య తొమ్మిదేళ్లు మాటల్లేవు. ఒక శనివారం సాయంత్రం ఫోను మోగింది. "నేనే" అంది. తొమ్మిదేళ్ల తరువాత ఫోను చేసి పేరు చెప్పకుండా "నేనే" అనడానికి ఎంత నమ్మకం ఉండాలి! నేనూ పేరు అడగలేదు. "ఏమిటి విశేషం?" అన్నాను. "ఏమీ లేదు, ఊరికే చేశాను" అంది. తరువాత పదకొండు నిమిషాలు మాట్లాడుకున్నాం, అందులో నాలుగు నిమిషాలు ఆమె కళ్లజోడు ఎలా విరిగిందన్న దాని గురించే. తొమ్మిదేళ్లలో జరిగిన పెద్ద సంగతులేవీ రాలేదు. అవి తరువాతి శనివారాల్లో ఒక్కొక్కటిగా వచ్చాయి, ఒక చావు కబురు కూడా.

మీరు వెతుక్కుంటున్న కారణం ఆ మాటలోనే ఉంది. "ఊరికే చేశానురా" అనండి. పని ఉండి చేసిన ఫోనుకు జవాబు చెప్పి పెట్టేస్తాం, ఊరికే చేసిన ఫోను పెట్టాలనిపించదు. డబ్బు అడుగుతారేమో అన్న అనుమానం అతనికి రెండు నిమిషాలు ఉంటే ఉండనివ్వండి. మూడో నిమిషానికి మీరు అడగలేదని తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసి రెండేళ్లయింది. నాకు రోజూ ఆదివారమే. ఒకప్పుడు ఆదివారం కోసం శుక్రవారం నుంచే ఎదురుచూసేవాణ్ని. ఇప్పుడు ఆ రుచి పోయింది. ఏ వారమో కూడా పేపరు చూస్తే తప్ప తెలియడం లేదు. దీనికి మందు ఉందా అమ్మా? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: నాకూ విరమణ అయి మూడేళ్లు దాటింది. మొదటి ఏడాది నేనూ మీలాగే పేపరు మీద వారం చూసుకున్నాను. చూసి, అక్కడ అచ్చుతప్పు ఉందేమోనని మళ్లీ చూసేదాన్ని.

క్రిస్టోబల్ యంగ్, చేయూన్ లిమ్ అనే సమాజ శాస్త్రవేత్తలు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో లక్షల మంది తమ మనసు ఏ రోజున ఎలా ఉందో చెప్పిన జవాబులను తీసుకుని చూశారు. ఉద్యోగం ఉన్నవాళ్లకు శని, ఆదివారాల్లో ఉత్సాహం పెరిగి సోమవారం పడిపోతుంది, అందులో వింత లేదు. ఏ ఉద్యోగమూ లేనివాళ్లకూ దాదాపు అలాగే పెరిగి అలాగే పడిపోతోంది! వాళ్లకు సోమవారం వెళ్లవలసిన చోటు లేదు, ఆదివారం ప్రత్యేకంగా దక్కిన తీరికా లేదు. ఆ తేడాలో సుమారు సగం, మిగతావాళ్లకు ఆ రోజున తీరిక దొరికి ఇంటివాళ్లతో, స్నేహితులతో గడిపే సమయం పెరగడం వల్లేనట.

మొదటి ఉత్తరం రాసిన పాఠకుడికి చెప్పిందే మీకూ వర్తిస్తుంది, తిరగేసి. ఆయనకు అందరి సెలవుతో తన సెలవు కలవడం లేదు. మీకు కలుస్తోంది, కానీ మిగతా ఐదు రోజులూ దానితో కలిసిపోయి కనబడకుండా చేస్తున్నాయి. అందుకని ఐదు రోజులకు ఏదో ఒక పని పెట్టుకోండి, కాస్త విసుగు పుట్టించేదైతే మరీ మంచిది. నేను ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాల పట్టిక దిద్దుతున్నాను, సోమవారం నుంచి శుక్రవారం వరకు, రోజుకు రెండు గంటలు. జీతం లేదు. తప్పులు మాత్రం బోలెడు. శుక్రవారం మధ్యాహ్నానికి నిజంగానే విసుగొస్తుంది, శనివారం ఎప్పుడొస్తుందా అనిపిస్తుంది.

శనివారం మా అమ్మాయి కొడుకు వస్తాడు. వాడికి ఏడేళ్లు. చదరంగం బల్ల పాతదే, అంచు ఒకటి ఊడితే మావారు అంటించారు. మొన్న అలమార జరిపినప్పుడు దాని వెనక గోడ మూల ఆ తప్పిపోయిన తెల్ల గుర్రం దొరికింది, ఇరవై ఏళ్లకు పైగా దుమ్ములో పడి. తుడిచి, గుండీ తీసి, దాని గడిలో పెట్టాను. వాడు వచ్చి చూసి గుర్రాన్ని తీసి పక్కన పెట్టి, గుండీ ఎక్కడ దాచావని అడిగాడు. ఇచ్చాను. తిన్నగా నడిపించి నా మంత్రిని తినేశాడు. ఎవరు నేర్పారో అడగనక్కర్లేదు. ఆవిడ పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.